కొరడా గుర్తుంది, పరుగు గుర్తులేదు

చేతులు పైకి కట్టేసి ఉన్న కుర్రాడు. బానిసల చేత పని చేయించే ఓవర్సీర్ అడిగేది ఒకటే, నీ పేరు చెప్పు అని. "కుంటా కింటే" అంటాడు వాడు. వీపు మీద కొరడా పడుతుంది. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు, మళ్లీ కొరడా. చివరికి ఓపిక అయిపోయి, దొర పెట్టిన పేరు పలుకుతాడు: "టోబీ." కట్లు విప్పాక ఫిడ్లర్ అనే పెద్దాయన వాణ్ని ఒళ్లోకి తీసుకుంటాడు. ఆ తెల్లవాడు ఏ పేరుతో పిలిస్తే ఏంటి, నువ్వెవరో నీకు తెలుసు కదా అని ఓదారుస్తాడు.

అమెరికాలో ఏబీసీ ఛానల్ 1977 జనవరి 23 నుంచి 30 వరకు, వరసగా ఎనిమిది రాత్రులు ప్రసారం చేసిన 'రూట్స్' సీరియల్‌లోది, ఆఫ్రికా నుంచి అమెరికాకు బానిసగా పట్టుకొచ్చిన కుర్రాడిది ఈ సన్నివేశం. అప్పట్లో దాదాపు 13 కోట్ల మంది ఆ సీరియల్‌ను ఎంతో కొంత చూశారని అంచనా. ఆఖరి రాత్రి టీవీ నడుస్తున్న ప్రతి 100 ఇళ్లలో 71 ఇళ్లు అదే చూశాయి. యాభై ఏళ్లు కావస్తున్నా 'రూట్స్' అనగానే ముందు ఈ కొరడా సీనే తలుచుకుంటారు.

అదే కుంటా కింటే, అలెక్స్ హేలీ రాసిన మూల పుస్తకంలో నాలుగుసార్లు పారిపోతాడు. పట్టుబడిన ప్రతిసారీ మళ్లీ దారి వెతుక్కుంటాడు. నాలుగోసారి పట్టుకున్నవాళ్లు పాదం సగం నరికేస్తే గానీ ఆ పరుగు ఆగదు. ఈ పరుగులు అంతగా ఎవరికీ గుర్తుండవు. బానిసత్వం నుంచి తప్పించుకునే కథలు టీవీలో వచ్చినప్పుడల్లా ప్రేక్షకులు ఎందుకు అంతగా చీలిపోతారో అర్థం కావాలంటే ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి. తిన్న దెబ్బ అందరికీ గుర్తుంటుంది. దెబ్బ తిన్న మనిషి రాత్రంతా మేలుకుని ఏం ఆలోచించాడో చూపించే సీరియల్ మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది.

'రూట్స్' ఇంత పెద్ద హిట్ అవుతుందని ఏబీసీ వాళ్లే నమ్మలేదు. వారానికో భాగం చొప్పున నెలల తరబడి నడపకుండా ఎనిమిది రాత్రుల్లో ముగించడానికి ఆ భయం కూడా ఒక కారణమని తర్వాత చాలామంది రాశారు. తెల్లవాళ్లు టీవీ కట్టేస్తారేమోనన్న టెన్షన్ నటుల ఎంపికలోనూ కనిపిస్తుంది. అప్పటి ఫ్యామిలీ సీరియళ్లలో మంచి నాన్నలుగా పేరున్న లోర్న్ గ్రీన్, రాబర్ట్ రీడ్, రాల్ఫ్ వెయిట్ లాంటి వాళ్లను బానిసల యజమానులుగా, ఓడ మనుషులుగా పెట్టారు. బానిసలను మోసుకొచ్చే ఓడ కెప్టెన్‌ను మనస్సాక్షి పొడుస్తున్న మనిషిగా తీర్చి, ఆ పాత్రను ఎడ్ అస్నర్‌కు ఇచ్చారు. పాపం చేస్తూనే లోపల కుమిలిపోయే తెల్లవాడు ఒకడు ఉంటే, చూసే తెల్లవాళ్లకు నిలబడటానికి కాస్త చోటు దొరుకుతుందని ఆ ఏర్పాటు.

ఆ ఏర్పాటు పనిచేసింది. ప్రసారం తర్వాత పరిశోధకులు జరిపిన సర్వేల్లో తేలిన విషయం చాలామందిని ఆశ్చర్యపరిచింది. జాతుల మధ్య కోపం రగులుతుందని ఊహించినవాళ్లకు కనిపించింది బాధ. నల్లవాళ్లలో, తెల్లవాళ్లలో కూడా ఎక్కువమంది చెప్పిన మాట అదే, చాలా బాధేసిందని. దీన్ని సమాజం మెత్తబడటానికి గుర్తుగా అప్పట్లో మెచ్చుకున్నారు. కానీ బాధలో ఒక సౌకర్యం ఉంది. కళ్లు తుడుచుకుని నిద్రపోవచ్చు. కోపమైతే తెల్లారి కూడా ఉంటుంది, ఎవరినో ఒకరిని ఏదో ఒకటి అడగమంటుంది.

నల్లవాళ్ల ఇళ్లలో మాత్రం ఆ బాధ అక్కడితో ఆగలేదు. తాతలెవరో, ఎక్కణ్నుంచి వచ్చారో వెతుక్కునే పనిలో పడ్డారు చాలామంది. పాత జనాభా లెక్కలు, ఓడల జాబితాలు చూడటానికి ప్రభుత్వ ఆర్కైవ్స్‌కు వచ్చే ఉత్తరాలు ఒక్కసారిగా పెరిగాయి. పుట్టిన ఆడపిల్లలకు కుంటా కూతురు 'కిజ్జీ' పేరు పెట్టుకున్నారు. అదే సమయంలో బడిలో నల్ల పిల్లలను 'కుంటా కింటే' అంటూ, 'టోబీ' అంటూ ఏడిపించడం కూడా మొదలైంది. ఒకే సన్నివేశం ఒక ఇంట్లో పాపకు పేరైంది, ఆ వీధి చివర బడిలో వెక్కిరింత అయింది.

తెలుగువాళ్లకు ఈ కథ టీవీ కన్నా ముందు పుస్తకంగానే తెలుసు. సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు'ను హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. 80ల నుంచి ఇప్పటిదాకా అది చేతులు మారుతూనే ఉంది. దొర, వెట్టి అనే మాటలు ఇంట్లో పెద్దల నోటినుంచి విన్నవాళ్లకు కుంటా కింటే ఎక్కడో సముద్రాల అవతలి మనిషిగా అనిపించలేదు. పుస్తకంలో ఒక వెసులుబాటు ఉంది. భరించలేకపోతే మూసి పక్కన పెట్టొచ్చు, రెండు రోజులాగి తెరవొచ్చు. ఎంత చూడాలో, ఎంతసేపు చూడాలో పాఠకుడి చేతిలో ఉంటుంది. టీవీలో అది దర్శకుడి చేతిలో ఉంటుంది. బానిసత్వం మీద సీరియళ్లు చూసినవాళ్ల ఫిర్యాదుల్లో చాలా భాగం, కాస్త లోతుగా చూస్తే, ఈ అధికారం గురించే.

సరిగ్గా అమెరికా 'రూట్స్' చూస్తున్న ఆ రోజుల్లోనే, బ్రెజిల్‌లో టీవీ గ్లోబో మరో బానిస పిల్ల కథ నడుపుతోంది. 1976 అక్టోబరులో మొదలై 1977 ఫిబ్రవరిలో ముగిసిన 'ఎస్క్రావా ఇసౌరా' అది. బర్నార్డో గిమరాయిస్ 1875లో రాసిన నవల దానికి ఆధారం. ఇసౌరా బానిస తల్లికి పుట్టింది గానీ చూడటానికి తెల్లగా ఉంటుంది. యజమానురాలు చదువు, సంగీతం నేర్పించి పెంచుతుంది. ఆ ఇంటి కొడుకు లియోన్సియో కన్ను పడటంతో తండ్రితో కలిసి పారిపోయి, వేరే ఊళ్లో మారుపేరుతో బతుకుతుంది. లుసేలియా సాంటోస్ వేసిన ఈ పాత్ర కోసం క్యూబా, పోలెండ్, చైనా, సోవియట్ యూనియన్‌లలో జనం పనులు మానుకుని కూర్చున్నారు. చైనాలో ఆమెకు ప్రేక్షకుల ఓట్లతో ఇచ్చే అవార్డు వచ్చింది. రష్యాలో ఊరి బయట కూరగాయలు పండించుకునే చిన్న జాగాను సరదాగా 'ఫజెండా' అనడం ఈ సీరియల్ వల్లే అలవాటైంది. ఫజెండా అంటే బ్రెజిల్‌లో బానిసలు పనిచేసిన పెద్ద తోట.

అంత ప్రేమకు కారణమేంటని అడిగితే జవాబు కొంచెం చేదుగా ఉంటుంది. ఆఫ్రికా నుంచి బ్రెజిల్‌కు చేరిన బానిసలు దాదాపు 48 లక్షలు. ఇప్పటి అమెరికా భూభాగానికి నేరుగా చేరినవాళ్లు నాలుగు లక్షల లోపే. పడమటి దేశాల్లో బానిసత్వాన్ని అందరికన్నా చివర్లో, 1888లో రద్దు చేసింది బ్రెజిలే. అంత చరిత్ర ఉన్న దేశం ప్రపంచానికి పంపిన బానిస ముఖం తెల్లనిది. సైనిక ప్రభుత్వపు సెన్సార్ 'బానిస' అన్న మాటే వాడొద్దని ఇబ్బంది పెట్టిందని, దాని బదులు 'సరుకు' అనే అర్థం వచ్చే మాట వాడాల్సి వచ్చిందని రచయిత గిల్బెర్టో బ్రాగా తర్వాత చెప్పుకున్నాడు. చూసేవాళ్లు ఇసౌరా స్థానంలో తమ కూతురిని ఊహించుకోగలిగారు, అందుకే ఏడ్చారు. చుట్టూ ఫ్రేములో నిలబడ్డ నల్లవాళ్ల గురించి అంతగా ఏడవలేదు. వాళ్లకు కథ లేదు కదా.

ఇక 2016కి వస్తే, ఒకే ఏడాదిలో మూడు నెలల తేడాతో రెండు సీరియళ్లు వచ్చాయి. ఒకదాన్ని చూడకండి అన్నారు. ఇంకోదాన్ని ఆపకండి అన్నారు.

చూడకండి అన్నది కొత్త 'రూట్స్' గురించి. మే 30న హిస్టరీ ఛానల్‌లో మొదలై నాలుగు రాత్రులు సాగింది. పాత సీరియల్ తీసిన డేవిడ్ వోల్పర్ కొడుకు మార్క్ వోల్పరే దీనికి నిర్మాత. తన కొడుక్కి పాత 'రూట్స్' చూపిస్తే, దీని విలువ తెలుస్తోంది గానీ నా తరానికి తగిలేలా లేదన్నట్టు మాట్లాడాడని, అందుకే మళ్లీ తీశానని ఆయన చెప్పాడు. ర్యాపర్ స్నూప్ డాగ్ మాత్రం మొదటి భాగం వచ్చిన రోజే ఒక వీడియో పెట్టి దీన్ని బహిష్కరించమన్నాడు. వందల ఏళ్ల కిందట పడిన బాధనే ఎన్నిసార్లు చూపిస్తారు, ఇవాళ మనం సాధించినదాని మీద సీరియల్ ఎందుకు తీయరు అన్నది ఆయన వాదన. చాలామంది ఔనన్నారు. చరిత్ర మరిచిపోతే ఎలా అని ఇంకా చాలామంది తిట్టారు.

స్నూప్ డాగ్ మాటను తేలిగ్గా తీసేయడం తప్పు. అలసట నిజమైనది. పోలీసు కాల్పుల్లో నల్లవాళ్లు చనిపోయే వీడియోలు ఫోన్లో రోజూ కనిపిస్తున్న రోజులవి. రోజంతా అవి చూసి ఇంటికొచ్చిన మనిషికి రాత్రి తొమ్మిదింటికి మళ్లీ కొరడా చూపిస్తే, అది చరిత్ర పాఠంలా ఉండదు. ఆ రోజు వార్తలకు కొనసాగింపులా ఉంటుంది.

కానీ ఆ అలసట బానిసత్వపు కథ మీదా, ఆ కథను ఎప్పుడూ ఒకే చోట నిలబడి చెప్పడం మీదా? దీనికి జవాబు అదే ఏడాది మార్చి 9న వచ్చిన 'అండర్‌గ్రౌండ్'లో దొరుకుతుంది. డబ్ల్యూజీఎన్ అమెరికా అనే చిన్న కేబుల్ ఛానల్‌లో వచ్చింది. మీషా గ్రీన్, జో పొకాస్కీ సృష్టికర్తలు. గాయకుడు జాన్ లెజెండ్ నిర్మాతల్లో ఒకడు. కథ 1857లో, జార్జియాలో మేకన్ అనే ప్లాంటేషన్‌లో మొదలవుతుంది. తొలి నిమిషంలోనే నోవా అనే బానిస చీకట్లో, అడవిలో పరుగెత్తుతుంటాడు. వెనక కుక్కలు. నేపథ్యంలో ఆ కాలపు పాట ఏదో వస్తుందనుకుంటాం, వచ్చేది కాన్యే వెస్ట్ ర్యాప్. నోవాకు ఒక పాట దొరికింది. అందులో బానిసత్వం లేని ఉత్తరాదికి దారి గుప్తంగా ఉంది. కానీ చదవడం రాదు. బానిసకు చదువు చెప్పడమే దక్షిణాదిలో చాలా రాష్ట్రాల్లో నేరం. దొరకు తెలియకుండా అక్షరాలు నేర్చుకున్న మనిషి ఎవరు? నోరు జారనివాడెవడు? ఎవరికి ఇంట్లో పని, ఎవరు బయటికి వెళ్లే వీలుంది? సీజన్ మొదటి సగమంతా ఈ లెక్కలే.

ఈ లెక్కలే ప్రేక్షకులను పట్టేశాయి. ఎపిసోడ్ వచ్చే రాత్రి జనం ట్విట్టర్‌లో ఒకచోట చేరేవాళ్లు. నటులు కూడా వచ్చి మాటలు కలిపేవాళ్లు. ఇంటి పనిలో ఉండే రోజలీ పారిపోవడానికి నిర్ణయం తీసుకున్నప్పుడు, అందరికన్నా తెలివైన కేటో ఎటు దూకుతాడో అర్థం కానప్పుడు, ఆ మాటల్లో జాలి కన్నా ఉత్కంఠ ఎక్కువ. క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్ చూస్తున్నట్టు చూశారు. ఇక్కడా కొరడా ఉంది, చావులున్నాయి. ఇష్టంగా చూపించిన పాత్రలు కళ్లముందే పోతాయి. అయినా చూడలేకపోతున్నాం అన్నవాళ్ల కన్నా వచ్చే వారం ఎప్పుడు అన్నవాళ్లే గట్టిగా వినిపించారు.

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలమైనదే. బానిసత్వాన్ని యాక్షన్ సీరియల్ చేసేశారు, ప్రేమకథ పెట్టారు, ర్యాప్ పెట్టారు, అంత నరకాన్ని చూసి చప్పట్లు కొట్టేలా చేశారు అని. తప్పించుకోలేకపోయిన లక్షల మంది ధైర్యం లేనివాళ్లన్న అర్థం వస్తుందని కూడా కొందరు బాధపడ్డారు. ఈ రెండో మాట పట్టించుకోవాల్సిందే. 1860 జనాభా లెక్కల నాటికి అమెరికాలో బానిసలు దాదాపు 40 లక్షలు. పారిపోయి గట్టెక్కినవాళ్లు అందులో చాలా చిన్న భాగం. మిగిలినవాళ్లు పిల్లల కోసం, ముసలి తల్లి కోసం, అమ్మేసిన భర్త ఎప్పటికైనా వెతుక్కుంటూ వస్తాడన్న ఆశతో ఉండిపోయారు. ఉండిపోవడానికీ ధైర్యం కావాలి. రోజలీ తల్లి ఎర్నెస్టీన్ పాత్రలో ఆ సంగతి కొంత చూపించారు గానీ, పారిపోయే ఏడుగురి మీద పెట్టిన శ్రద్ధ దాని మీద లేదు.

నమ్మేలా లేదు అన్న విమర్శ మాత్రం నిలబడదు. జరిగినవి సీరియళ్ల కన్నా నమ్మశక్యం కానివి. అదే జార్జియాలో, మేకన్ అనే ఊరి నుంచి 1848 డిసెంబరులో ఎలెన్ క్రాఫ్ట్, విలియం క్రాఫ్ట్ అనే భార్యాభర్తలు తప్పించుకున్నారు. తెల్లగా కనిపించే ఎలెన్ జుట్టు కత్తిరించుకుని, మగ దొరలా బట్టలు వేసుకుంది. విలియం ఆ దొరగారి నౌకరు. ఎలెన్‌కు రాయడం రాదు. దారిలో హోటల్ పుస్తకంలోనో, ఓడ టికెట్ దగ్గరో సంతకం అడిగితే? అందుకని కుడి చేతికి దెబ్బ తగిలినట్టు గుడ్డ కట్టి మెడకు వేలాడదీసుకుంది. మాట్లాడాల్సిన పని తప్పించుకోవడానికి ముఖానికి కూడా కట్టు కట్టుకుంది. ఆ వేషంలో రైళ్లెక్కి, ఓడలెక్కి, క్రిస్మస్ రోజుకు ఫిలడెల్ఫియా చేరారు. మరుసటి ఏడాది హెన్రీ బ్రౌన్ రిచ్‌మండ్‌లో ఒక చెక్కపెట్టెలో కూర్చుని, తనను తాను పార్శిల్ చేయించుకున్నాడు. 27 గంటలు. మధ్యలో పెట్టెను తలకిందులుగా పెట్టారు కూడా. ఏ రచయితైనా ఇవి కల్పించి రాస్తే, మరీ అతిగా ఉందని మనమే అనేవాళ్లం.

'అండర్‌గ్రౌండ్' రెండో సీజన్ 2017లో వచ్చింది. అందులో ఆరో ఎపిసోడ్ పేరు 'మింటీ', తాను పారిపోయి తర్వాత మరెందరినో బానిసత్వం నుంచి తప్పించిన హ్యారియెట్ టబ్‌మన్ చిన్నప్పటి పేరు. ఎపిసోడ్ అంతా ఒకే గదిలో, కూర్చున్న కొద్దిమంది ముందు హ్యారియెట్ మాట్లాడుతుంది. అంతే. పరుగు లేదు, తుపాకీ లేదు. ఆ పాత్ర వేసిన ఐషా హైండ్స్ దాదాపు గంటసేపు ఒక్కతే తెరను మోసింది. చిన్నప్పుడు తలకు తగిలిన ఇనుప గుండు గురించి, ఆ దెబ్బతో ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోవడం గురించి, ఒంటరిగా పారిపోయి తర్వాత మొగుడి కోసం తిరిగొస్తే అతను ఇంకో ఆడమనిషితో ఉండటం గురించి చెబుతుంది. చరిత్రలో హ్యారియెట్ 13 సార్లు వెనక్కి వెళ్లి 70 మంది దాకా బయటికి తెచ్చింది. చివర్లో ఆమె ఎదుట కూర్చున్నవాళ్లను, వాళ్లతోపాటు టీవీ ముందు కూర్చున్నవాళ్లను కూడా, ఈ పోరాటంలో పక్కన కూర్చుని చూసే వీలు ఎవరికీ లేదని అంటుంది. గంటసేపు ఉపన్యాసం వింటారా అని ఏ ఛానల్ పెద్దయినా భయపడతాడు. ఆ సీరియల్ పేరెత్తితే అభిమానులు ఇవాళ్టికీ ముందుగా చెప్పేది ఆ ఎపిసోడే.

ఆ ఏడాది మే నెలాఖరులో సీరియల్ ఆపేశారు. ఛానల్ మాతృసంస్థ ట్రిబ్యూన్‌ను సింక్లెయిర్ కంపెనీ కొనబోతున్నట్టు అంతకు మూడు వారాల ముందే ప్రకటన వచ్చింది. ఖరీదైన సొంత సీరియళ్లు వద్దన్న నిర్ణయం తీసుకున్నారు. కొత్త ఇల్లు వెతకండి అని అభిమానులు ఊపేసినా ఏ ఛానలూ ముందుకు రాలేదు. విచిత్రం ఏంటంటే, ఆ కొనుగోలు కూడా 2018లో రద్దయిపోయింది. సీరియల్ మాత్రం తిరిగి రాలేదు.

నాలుగేళ్ల తర్వాత, 2021 మే 14న, అమెజాన్ ప్రైమ్‌లో 'ది అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్' వచ్చింది. కాల్సన్ వైట్‌హెడ్ నవలను బ్యారీ జెన్కిన్స్ పది ఎపిసోడ్లుగా తీశాడు. నిజ చరిత్రలో ఆ పేరున్నది రైలు కాదు, రహస్యంగా దాచి, దారి చూపి పంపించే మనుషుల వరస. ఇందులో మాత్రం నేల కింద నిజంగానే రైలు నడుస్తుంది. నవల చదవకుండా కూర్చున్నవాళ్లలో కొందరు అక్కడే తికమకపడ్డారు.

అసలు గొడవ మొదటి ఎపిసోడ్‌తో వచ్చింది. పారిపోయి పట్టుబడ్డ బిగ్ ఆంథనీ అనే మనిషిని యజమాని అందరి ఎదుటా సజీవంగా కాలుస్తాడు. పచ్చిక మీద బల్లలు వేసి అతిథులకు భోజనం పెడతారు. వాళ్లు తింటూ చూస్తుంటారు. ఒక క్షణంలో కెమెరా కాలిపోతున్న మనిషి కళ్లలోకి వెళ్లి, పొగలోంచి ఆ తినేవాళ్లను చూపిస్తుంది. ఇక్కడ ఆపేశాం, ఇక చూడం అన్నవాళ్లు చాలామంది. ఆ రోజుల్లో అమెరికా ఎలా ఉందో గుర్తు చేసుకుంటే వాళ్లను తప్పుపట్టలేం. పోలీసు చేతిలో చనిపోయిన నల్లజాతి మనిషి జార్జ్ ఫ్లాయిడ్ హత్య కేసులో తీర్పు వచ్చి నెల కూడా కాలేదు.

సీరియల్ తీయాలా వద్దా అని అట్లాంటాలో కొంతమంది నల్లవాళ్లను ముందే కూర్చోబెట్టి అడిగించామని జెన్కిన్స్ చెప్పాడు. వద్దన్నవాళ్లు పదిమందిలో ఒక్కరేనట. మిగతావాళ్లు తీయమన్నారు, తీస్తే దాచకుండా చూపించమన్నారు. షూటింగ్ స్పాట్‌లో నటుల కోసం, సిబ్బంది కోసం ఒక మానసిక నిపుణురాలిని కూడా పెట్టారు. నటులకు ఆ ఏర్పాటు ఉంది. ఇంట్లో సోఫాలో ఒంటరిగా కూర్చున్న ప్రేక్షకుడికి ఎవరున్నారు?

తేడా అక్కడే ఉందనిపిస్తుంది. 1977లో దేశమంతా ఒకే రాత్రి చూసింది, తెల్లారి ఆఫీసులో, చర్చిలో, బస్సులో దాని గురించి మాట్లాడుకుంది. 2016లో వారానికోసారి చూసి ఫోన్లలో మాట్లాడుకున్నారు. 2021లో పది ఎపిసోడ్లూ ఒకేసారి పెట్టేశారు. ఎవరు ఎక్కడిదాకా చూశారో తెలియదు. మూడో ఎపిసోడ్‌లో ఉన్నవాళ్లతో తొమ్మిదో ఎపిసోడ్ చూసినవాళ్లు ఏం మాట్లాడతారు? ఇంత బరువైన కథను పక్కన మనిషి లేకుండా చూడమనడం మంచి పద్ధతి కాదు. వారానికొకటి చొప్పున ఇచ్చి ఉంటే మొదటి ఎపిసోడ్ దగ్గర ఆగిపోయినవాళ్లలో కొందరైనా, మిగతావాళ్ల మాటలు విని తిరిగొచ్చేవాళ్లు.

ఎందుకంటే ఆ కాల్చివేత తర్వాత సీరియల్ మారిపోతుంది. దక్షిణాఫ్రికా నటి తుసో ఎంబేడు వేసిన, పారిపోయే బానిస అమ్మాయి కోరా పాత్ర చాలాసేపు మాట్లాడదు. ఆలోచిస్తుంది. ఆమె మనసులో మొదటి నుంచీ ఒక ముల్లు ఉంది. చిన్నప్పుడే తల్లి మేబెల్ తనను వదిలేసి పారిపోయింది. బానిసలను వేటాడే రిడ్జ్‌వేకు కూడా అదే ముల్లు, అతనికి చిక్కని ఒకే ఒక్క మనిషి మేబెల్. కోరాకు తల్లి మీద కోపం, రిడ్జ్‌వేకు పంతం. పదో ఎపిసోడ్‌కు మేబెల్ పేరే పెట్టారు. ఆమె ఎక్కడికీ చేరలేదు. చిత్తడి నేలలోకి వెళ్లింది, కూతురు గుర్తొచ్చి వెనక్కి తిరిగింది, దారిలో పాము కరిచింది. ఆ సంగతి కోరాకు ఎప్పటికీ తెలియదు. రిడ్జ్‌వేకూ తెలియదు. చివరిదాకా చూసినవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.